అగ్గిపెట్టెలో పరమాణువు

సెక్టర్ 2, భిలాయి
12-8-1996

అల్లుడూ,

రెండు బుల్లి అద్దాల మధ్య ఒకే ఒక్క పరమాణువును నిలబెట్టి, వెలుగుతో దానికి జత కలపడమే నీ ఐదేళ్ళ పరిశోధన అని రాశావు. నీ పెళ్ళిమాటలకు వెళ్ళినప్పుడు త్రినాథరావుగారికి అదే చెప్పాను. రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ఫోర్‌మన్ కదా, మొహం చిట్లించాడు.

"ఐదేళ్ళకి ఒక్కటేనేటి? అదీ కంటికి కనబడదా? అలాటోడికి పిల్లనెలగిత్తానండీ?"

నాకు ఒళ్ళు మండింది. అగ్గిపెట్టెలో రెండు అద్దం ముక్కలు అతికించి, "మావాడు పంపిన పరమాణువు, మూత తియ్యకుండా రెండ్రోజులు దాచండి" అని ఆయన చేతిలో పెట్టాను.

మర్నాడే కూతురు అరుణజ్యోతిని వెంటబెట్టుకుని, చెమటలు కక్కుతూ మా క్వార్టర్‌కు వచ్చాడు.

"మూత తెరుచుకుని ఎగిరిపోనాది బావగారూ! గేటు పాసు లేకుండా ఒక్క బోల్టు బయటికి పంపనోడ్ని. కుర్రాడి ఐదేళ్ళ కష్టం పోగొట్టీసినాను, ఇప్పుడేటి దారి?"

"పిల్లనిచ్చెయ్యండి, మావాడు మరిచిపోతాడు" అన్నాను. ఒప్పేసుకున్నాడు!

ఆయన స్కూటర్ తీస్తుండగా అరుణజ్యోతి నా దగ్గరికొచ్చింది.

"నాన్న ఈ సంబంధానికి ఒప్పుకోవాలని పెట్టె నేనే తెరిచి పెట్టీసినాను మావయ్యగారూ. పరమాణువు అగ్గిపెట్టెలో ఆగదని బీఎస్సీ చదివిన నాకు తెలీదేటి? నాన్నకి చెప్పకండి."

ఇన్నేళ్ళూ ఊరందరినీ ఆటపట్టించినవాణ్ణి, నన్నే ఆటపట్టించింది. నీ పరమాణువు నిలబడినా నిలబడకపోయినా, నువ్వు ఆదివారం రైలెక్కు.

మీ మావయ్య