తిరగబడ్డ శీర్షిక

అన్నయ్యా,

యుద్ధం అయిపోయింది!

ఎవరిదో సరిహద్దు తగువులోకి, ఒకరికొకరు సాయానికొస్తామని మాటిచ్చిన పాపానికి దేశాలన్నీ ఒక్కొక్కటే దూకాయన్న వార్తని నాలుగేళ్ల కిందట మన ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చి కూర్చింది నువ్వే. వారం తిరక్కుండా నిన్ను సైన్యంలోకి తీసుకుపోయారు. నీ స్టూలు నాకొచ్చింది.

ఈ పొద్దున కబురు రాగానే ఓనరుగారు, "అమ్మాయ్, అన్నిటికంటే పెద్దక్షరాలు తియ్యి!" అని కేకేశారు. ఎక్కడివి? ఆ సీసమంతా తూటాలకి కరిగించేశారుగా! ఉలి తీసుకుని చెక్క మీద నేనే చెక్కేశాను. అద్దంలోలా తిరగేసి చెక్కాల్సినవి, సంతోషంలో ఒళ్లు తెలియక తిన్నగా చెక్కేశాను. వెయ్యి కాపీలు అచ్చయ్యాక చూసుకున్నాం. చిన్న తప్పుకే చిందులు తొక్కే ఆయన పడీపడీ నవ్వి, "పంచెయ్యండి, ఇవాళ ఎవరేమంటారు!" అన్నారు. వీధిలో జనం కాగితాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని, వెనకనుంచి శీర్షిక చదువుకుని గంతులేశారు.

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. చనిపోయినవాళ్ల జాబితా రోజూ నేనే కూర్చాను. అందులో నీ పేరు రాలేదు. స్టూలు తుడిచి ఉంచాను. ఒక్క ముక్క రాయి అన్నయ్యా, తిరగేసి రాసినా చదువుకుంటాను.

నీ చెల్లి