గంపలోని ఇనుప ముక్క

బుధవారం, రాత్రి

సముద్రం మీద నుంచి మధ్యాహ్నమంతా ఉరుములే. ఎర్రకోడి పొదుగుతున్న గంపలో పొద్దున గడ్డి మార్చి, అత్త ఉంచిన ఇనుప ముక్కను తిరిగి గుడ్ల పక్కన పెట్టడం మరిచాను. అది లేకపోతే ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని ఆమె భయం. నాకేమో నవ్వు.

సాయంత్రం అత్త గంపలోకి చూసి కనిపెట్టేసింది. తిడుతుందనుకుంటే, ఒక గుడ్డు తీసి నా చెవికి ఆనించింది. లోపల పిల్ల ముక్కుతో పొడుస్తున్న చప్పుడు.

"ఇన్నావా? బతికే ఉండాది. బయపడబాకమ్మా" అంది.

నాకిప్పుడు అయిదో నెల. పోయినసారి అయిదో నెలలోనే కడుపు పోయింది. దాని గురించి అత్తా నేనూ ఇంతవరకు మాట్లాడుకోలేదు.

ఇందాక పక్క వేసుకుంటుంటే దిండు కింద ఏదో గట్టిగా తగిలింది. పాత చీరపేలికలో చుట్టిన అదే ఇనుప ముక్క.

మరి గంపలో ఏం పెట్టిందో... మళ్లీ ఉరుముతోంది. నమ్మకం లేదు గానీ, దాన్ని తీయబుద్ధి కావడం లేదు.