పాత దూదిలో నిప్పురవ్వ

నవంబర్ 10, సోమ

సిరిసిల్ల లక్ష్మవ్వ పాత పరుపును దుకాణంలో విప్పాం. కూతురు మానస పురిటికి వచ్చింది, కొడుకు పుట్టాడు. అదే దూది ఏకి కొత్త గలీబు తొడిగి కుట్టాలట. అర్జెంటట. పాతకాలం దూది, ఏకితే మళ్ళీ పొంగుతుంది.

నేను పొయ్యి దగ్గర ఉండగానే తమ్ముడు రఫీ ఏకే మిషన్ ఆన్ చేశాడు. దూదిలోకి చేయి పెట్టి వెతకకుండానే. పాత పరుపుల్లో ఏముండవు... సూదులు, స్లైడులు, పిల్లలు దాచిన బిళ్ళలు. టక్‌మని చప్పుడు. నేను ఉరికి వచ్చేసరికి మిషన్ బంద్, మావాడు తడి గోనెతో దూదిని కొడుతున్నాడు. మిషన్ పళ్ళ మధ్య జడ స్లైడు వంకర తిరిగి ఉంది.

"రవ్వ లేసింది గంతే. ఆరింది తీ అక్కా."

రవ్వ పడ్డ దూదిని బాపు కుట్టనిచ్చేవాడు కాదు. మేడ మీద పలచగా పరిచి, ఎండనిచ్చి, వేళ్ళతో అంతా వెతికాకే సూది పట్టనిచ్చేవాడు. దూదిలో నిప్పు మంట చూపించదు. లోపల్లోపలే తింటూ పోతుంది. తమ్ముడికి ఇది తెలియదా? తెలుసు. బద్ధకం.

నవంబర్ 11, మంగళ

కథలాపూర్ పోయి మేనత్తను చూసి వచ్చాను. పరుపు లేదు. కుట్టేసి ఆటోలో సిరిసిల్ల పంపేశాడు.

"ఎండల పెట్టినవారా?"

"ఎండేది? పొద్దటిసంది మబ్బే."

మబ్బైతే ఆగాలి. ఎవరికి చెప్పను... లక్ష్మవ్వ దూదిలో మాది కొంత కలిపి ఏకాడట. మిగిలింది గోనెసంచిలో తొక్కి మూలకు పెట్టాడు. దాని మీదే పడుకుని ఫోన్ చూస్తున్నాడు. మధ్యాహ్నం నిండు సంచి కనిపిస్తే వీడికి మంచం అక్కర్లేదు.

నవంబర్ 12, బుధ

కాలిన వాసన. నా ఓణీకి పట్టిందేమో అని ఉతికాను. ఇంకా వస్తోంది.

ఆ పరుపు మీద బాలింత ఉంది. పసివాడు ఉన్నాడు.

సిరిసిల్లకు ఫోన్ చేశాను. పరుపు తీసి వాకిట్లో పెట్టమన్నాను, రేపు వచ్చి చెప్తానన్నాను. "పెడత తీ. గంత భయపెడతవేంది బిడ్డా" అంది లక్ష్మవ్వ.

నవంబర్ 13, గురు

బయల్దేరుతుంటే రఫీ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "పోయి ఏమని చెప్తవ్? మా దూదిల నిప్పు పడ్డదనా? ఇగ కోరుట్లల మన దుకాణం మెట్లు ఎవలెక్కుతరు?"

జరగమన్నాను. జరిగాడు.

సిరిసిల్ల. వాళ్ళింట్లో బట్ట నేసే సాంచాలు నడుస్తున్నాయి, ఆ మోతలోనే బాబు నిద్ర — పరుపు మంచం మీదే ఉంది, బాబు పరుపు మీదే ఉన్నాడు. వాకిట్లో పెట్టనే లేదు.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. కోసి చూస్తానన్నాను.

"పురుడన్న ఎల్లలే, కొత్త పరుపుకు కత్తెర పెడ్తనంటవ్? మంచిగనే ఉన్నది గద" అని లక్ష్మవ్వ మంచానికి అడ్డం కూర్చుంది.

మంచం మీదున్న మానసే బాబును ఎత్తుకుని కిందికి దిగింది. "కొయ్యక్కా. అమ్మా, నువ్ లే."

టాకాలు విప్పాను. భుజం దాకా చేయి పెట్టాను. తర్వాత దూదంతా నేల మీద పోసి పిడికెడు పిడికెడు విడదీశాను. తెల్లగా ఉంది. నల్లటి మచ్చ కూడా లేదు.

"నీ పని మీద నీకే నమ్మకం లేకపాయె." లక్ష్మవ్వ.

అక్కడే కూర్చుని మళ్ళీ కుట్టాను. చాయ్ ఇచ్చారు. సంతోషంగా ఉండాలి నిజానికి. బస్సులో సిగ్గుతో ఏడుపొచ్చింది.

నవంబర్ 14, శుక్ర

రఫీ పొద్దున్నే మొదలు. "దొరికిందా? చెప్పు, ఏమన్న దొరికిందా? ఇజ్జత్ తీసినవ్ అక్కా."

గలీబులు కత్తిరించాను. దుకాణంలో మాత్రం ఆ వాసన పోలేదు. ఎక్కువైంది.

జుమ్మా నమాజు నుంచి వచ్చి తిని, రఫీ ఆ సంచి మీద వాలాడు. దగ్గరికి పోయాను. వాసన అక్కడే. లెమ్మంటే లేవడు. చెయ్యి పట్టి గుంజాను. సంచి అడుగున చేయి పెడితే వేడి.

వాకిట్లోకి ఈడ్చి గుమ్మరించాం. నడిమిట్ల జొన్నరొట్టెంత నలుపు. గాలి తగిలేసరికి అంచు ఎర్రబడింది. బకెట్ నీళ్ళు పోస్తే చుయ్‌మంది.

"రోజు దీని మీదనే పండిన అక్కా."

వీపు మీద ఒక్కటిచ్చాను. తర్వాత చొక్కా ఎత్తి అదే వీపు చూశాను. ఏమీ కాలేదు.

కాసేపటికి గోడకు ఆనుకుని కూర్చున్నవాడు తల ఎత్తకుండా అన్నాడు — "గీ సంచిలకెంచే తలకిందికి రెండు మెత్తలు నింపి అమ్మిన. బుధారం. నువ్ నమాజుల ఉన్నవ్."

"ఎవలకు?"

"మల్లాపూర్ ఆయన. పేరడుగలే. తల్లి మంచంల పడ్డదట, ఆమెకని కొన్నడు."

వాడే లేచి స్కూటర్ బయటికి తీశాడు.

అదే రోజు, జగిత్యాల పెట్రోల్ బంకు

మల్లాపూర్‌లో హోటళ్ళలో అడిగాం, కిరాణా కొట్లలో అడిగాం. మెత్తలు కొన్న మనిషిని ఎవరు గుర్తుపడతారు? కూరగాయలాయన ఆటోకు మైకు ఉంది. రఫీ పోయి అడిగి తీసుకున్నాడు. వీధి వీధి తిరిగి చెప్పాడు — మా దుకాణం పేరు, బాపు పేరు, తన పేరు. "మా దూదిల నిప్పున్నది. మా దగ్గర మెత్తలు కొన్నోళ్ళు బయట పడేయిండ్రి. తప్పు నాది." గొంతు తడబడింది గానీ ఆపలేదు. నేను వెనక కూర్చుని విన్నాను. వాడి మీద కోపం పోయింది.

ఆ మనిషి దొరికాడు. ఒక మెత్త వాళ్ళింట్లోనే ఉంది. కోసి చూశాం, శుభ్రం.

రెండోది?

"అమ్మ తలకింద ఉండె. నిన్న మా అక్క అచ్చి అమ్మను వెల్గటూర్ తీస్కపోయింది. మెత్త గూడ."

ఆ అక్క నంబరు ఇచ్చాడు. వెల్గటూర్ దారి పట్టి, చేస్తూనే జగిత్యాల దాకా వచ్చాం. పెట్రోల్ పోస్తున్నారు. రఫీ మళ్ళీ కలిపాడు, స్పీకర్‌లో పెట్టాడు.

మోగుతోంది. ఎత్తడం లేదు.