తాంబూలంలో పెట్టిన లింకు

హన్మకొండ,
ఆదివారం

అక్కకు,

నీ చెల్లెలు సులోచన కాళ్లకు మొక్కి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా ఒంట్లో బాగున్నాం. బుద్ధుల సంగతి కింద రాస్తాను. ఆపరేషన్ చేసిన మోకాలు ఎలా ఉంది? కుట్లు విప్పిన చోట దురద తగ్గిందా? బావ బీపీ గోళీలు రోజూ వేసుకుంటున్నాడా, లేక గుర్తొచ్చినప్పుడు రెండు రోజులవి కలిపి మింగుతున్నాడా? వాన ఇలాగే కొడితే మిరప నారు కుళ్లిపోతుంది, మడిలో నీళ్లు నిలవనీయొద్దని చెప్పు. టీచరుకు వ్యవసాయం ఏం తెలుసని నవ్వుతాడు, నవ్వనీ.

ముందుగా అసలు మాట. నువ్వు మోకాలికి చుట్టుకుంటున్న ఆ వేడి పుట్టించే కరెంటు పట్టీ తీసి పక్కన పెట్టు. "అక్కా, నేను ఇదే వాడుతున్నాను, ఎంతో సుఖంగా ఉంది, నువ్వూ తెప్పించుకో" అని నా ఫోను నుంచి నీకు వచ్చిన కబురు నేను పంపింది కాదు. ఆ పట్టీ ఏ రంగులో ఉంటుందో కూడా నాకు తెలియదు. సంగతి తెలిసిన పూటే ఫోను చేశాను. బావ ఎత్తి, "మొన్న ఒక తీరు, ఇయ్యాల ఒక తీరు చెప్తవేంది మరదలా, నువ్వే గద పంపినవ్" అని నవ్వి ఫోను నీకిచ్చాడు. నువ్వేమో "నువ్వు పంపినవని కట్టుకున్న చెల్లె, మంచిగనే ఉన్నది" అన్నావు. ఇక ఏం చెప్పినా నీ చెవికి ఎక్కలేదు. నా ఫోనులో మాట్లాడేది నేనో కాదో ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది. నా చేతిరాత మాత్రం నువ్వు నాకు పలక పట్టించిన నాటి నుంచి ఎరుగుదువు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

జరిగింది మొదటి నుంచి చెప్తాను.

నేను నర్సంపేట వదిలి ఇక్కడికి వచ్చి నాలుగు నెలలు దాటింది. పద్మకు కరీంనగర్‌లో ఉద్యోగం వదిలే వీలు లేదు, దాని బిడ్డ శ్రావ్యకేమో చంటిపిల్లను చూసే మనిషి కావాలి. అమ్మమ్మ ఖాళీగానే ఉంది కదా అని అందరూ కలిసి తీర్మానం చేశారు. మూడో అంతస్తు. కిటికీ తెరిస్తే ఎదురింటి కిటికీ, వాళ్లు చటుక్కున మూసేస్తారు. వాన మొదలయ్యాక బట్టలు ఆరవు, చీరలన్నీ తడి వాసన. పాలు ప్యాకెట్‌లో వస్తాయి, పెరుగు డబ్బాలో వస్తుంది, కరివేపాకు కూడా డబ్బులిచ్చి కొంటున్నాం. మధ్యాహ్నం పాప నిద్రపోతే మాట్లాడే మనిషి ఉండదు. నలభై ఏళ్లు పిల్లలను "మాట్లాడకండి" అని కసురుకున్నదాన్ని, ఇప్పుడు ఎవరైనా మాట్లాడితే బాగుండు అనిపిస్తుంది. బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను. పాప ముద్దుగా ఉంది, నా ముక్కు పట్టుకుని లాగుతుంది. శ్రావ్య మొగుడు నవీన్ మంచి పిల్లవాడు. అన్నం వేళకు తింటున్నాను.

శ్రావ్య పని ఏమిటని నువ్వు అడిగినప్పుడల్లా "కంప్యూటర్ పని" అని తప్పించాను, ఎందుకంటే నాకూ అంతే తెలుసు. ఇప్పుడు పూర్తిగా తెలిసింది. అదొక అడ్తి వ్యాపారం. వస్తువు ఎవరిదో, కొనేది ఎవరో. మధ్యలో ఇది ఫోనులో ఒక లింకు పెడుతుంది. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే కంపెనీ దీనికి కొంత కమిషన్ ఇస్తుంది. ఎనుమాముల మార్కెట్ యార్డులో అడ్తిదారు కనీసం బస్తాలో చెయ్యి పెట్టి మిరపకాయ తీసి, వాసన చూసి, రెండు తుమ్ములు తుమ్ముతాడు. ఇది తుమ్మను కూడా తుమ్మదు.

ఏడాది పాటు లింకులు పెట్టి కూర్చుంది, ఏమీ రాలేదు. "ఈ నెల మీ కంపెనీ ఉప్పు ప్యాకెటన్న కొనిపెడ్తదా మేడం?" అని నవీన్ రోజూ ఏడిపించేవాడట. కాలేజీ ఉద్యోగం మానేసిన పిల్ల, ఆ మాట దానికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తర్వాత కంప్యూటర్లో ఎవరో పాఠం చెప్పారు: పెట్టి కూర్చుంటే రాదు, జనం దగ్గరికి నువ్వే పోవాలి, చూపించాలి, మాట్లాడాలి, అడిగిన ప్రతివాళ్లకూ జవాబివ్వాలి అని. అబద్ధం చెప్పకూడదు, ఆ పిల్ల కష్టపడింది. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లకు ఎంతమంది ఇంటికి ఎన్ని లీటర్ల కుక్కర్ కావాలో గంటలు గంటలు చెప్పేది. వాకింగుకు పోయిన చోట, కూరగాయల బండి దగ్గర, ఎక్కడ పడితే అక్కడ. ఒక నెల ఇంటి కిరాణా అంతా తన డబ్బుతో తెచ్చింది. ఆ రోజు సంచులన్నీ నవీనే మోశాడు. నాకూ సంతోషమే వేసింది.

తర్వాత దాని చూపు నా మీద పడింది. "అమ్మమ్మ మాట" అని వీడియోలు మొదలుపెట్టింది. మొదటిది కూరగాయలు కోసే డబ్బా.

"అమ్మమ్మా, జర నవ్వుకుంట చెప్పు."

"బెండకాయ కోసెటప్పుడు నవ్వేదేమున్నదే?"

"దీంతోని ఎంత అల్కగ కోస్తాన్నవో చెప్పు."

"మూలమూలలకు ఇరికిన జిగురు ఎవరు కడుగాలె? అది గూడ చెప్పాల్నా?"

జిగురు సంగతి కత్తిరించేసి మిగతాది పెట్టింది. అందులో నేను ఎవరో పుణ్యాత్మురాలిలా ఉన్నాను. పాత శిష్యులు "టీచర్, బాగున్నారా" అని రాశారు. నాకు కొంచెం పొంగు వచ్చిన మాట నిజమే. అక్కడే ఆపాల్సింది, ఆపలేదు. ఆ తప్పు నాది.

శ్రావణ శుక్రవారం నాడు శ్రావ్య అపార్ట్‌మెంటు ఆడవాళ్లను పసుపు బొట్టుకు పిలిచింది. మేము రోజూ రాత్రికి జొన్నరొట్టెలు తెచ్చుకునే కనకమ్మను కూడా పిలిచింది. కనకమ్మ మా సందు మొదట్లో పొయ్యి పెట్టుకుని రొట్టెలు చేసి అమ్ముతుంది. పేరంటంలో నాబోటిదానికి పనిలేదు గనుక పాపను పట్టుకుని లోపలి గదిలో ఉన్నాను. అందుకే నేను చూడలేదు. ఆకు, వక్క, అరటిపండు, రవికె గుడ్డ, వాటి కింద నా ఫోటో అచ్చు వేసిన ఒక కార్డు. దాని మీద "అమ్మమ్మ మాట" అని, కింద ఫోను పెట్టి చూసే నలుపు తెలుపు గళ్ల గుర్తు. అది చూస్తే కరెంటుతో నడిచే రొట్టెల మిషన్ వస్తుంది.

మనలో తాంబూలం ఎలా తీసుకుంటారో నీకు చెప్పాలా? కాళ్లకు పసుపు రాయించుకుని, కొంగు పట్టి, కళ్లకద్దుకుని తీసుకుంటారు. వద్దనరు, అందులోది పారేయరు. ఆ కొంగులో ఇది వ్యాపారం వేసింది. పన్నెండు మంది వస్తే ఏడుగురు కొన్నారు. శ్రావ్య ఇల్లంతా ఎగిరింది. "సూడు అమ్మమ్మా, మనమే పోయి అడిగితె గిట్లుంటది" అంది. పేరంటంలో ఏం అడిగిందో నాకు తెలియక నేనూ దానితో పాటు సంతోషించాను.

పదిహేను రోజుల తర్వాత కనకమ్మ మిషన్ డబ్బా చంకన పెట్టుకుని మూడు అంతస్తులూ ఎక్కి వచ్చింది.

"టీచరమ్మా, గిది ఎట్ల నడుపాలె? జొన్నపిండి అంటుకపోతాంది. రెండు రొట్టెలు బొగ్గయినయ్."

"ఇదెందుకు కొన్నవ్ కనకమ్మా? నీ చెయ్యి కంటె మంచి మిషన్ ఎక్కడున్నది?"

"మీరే గద వాయినంల పెట్టిండ్రు. మీ ఫోటో గూడ ఉన్నది. కొనకపోతె మంచిది గాదని మా బిడ్డతోని తెప్పిచ్చిన."

"వచ్చినంక చూసి, వాపస్ పంపకపోయినవా?"

"దేవుని కాడ పెట్టిన. శుక్రారం మంచిరోజని ఇప్పిన."

వాపసు గడువు ఆ శుక్రవారానికి ముందు బుధవారంతోనే అయిపోయింది. చేత్తో చరిచి రొట్టె చేసి బతికే మనిషికి నేను రొట్టెల మిషన్ అంటగట్టాను అక్కా. అదీ తాంబూలంలో పెట్టి.

సాయంత్రం శ్రావ్యను కూర్చోబెట్టాను.

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా అమ్మమ్మా? కొనుమని ఎవ్వల్నన్న బలవంతం పెట్టిన్నా?"

"తాంబూలంల పెట్టినంక అది బలవంతం గాక ఏంది?"

"ఊళ్లె మిక్సీ కొనాల్నన్న, పిల్లల్ని ఏ బడిల ఎయ్యాల్నన్న అందరు నిన్నే అడిగెటోళ్లు గద. నువ్వు చెప్పిన దుకాణపాయన నువ్వు పోతె కుర్సీ ఏసి చాయ్ తాపలేదా? నీకు చాయ్ వచ్చింది, నాకు పైసలు వస్తానయ్. ఫరకేంది?"

లా చదవాల్సిన పిల్ల.

"ఆ చాయ్ నేను బజార్ల కూసొని, అందరు సూస్తుండంగ తాగిన" అన్నాను. "నీ పైసలు ఎవ్వలకు కనబడ్డయ్?"

అది తల దించుకుంది. అప్పుడు అడిగాను, నా పేరు మీద ఇంకెవరికి ఏం పంపావని. నా ఫోనే తెరిచి నా చేతిలో పెట్టింది. నా ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ వెళ్లింది అక్కా, ఎవరికి తగ్గట్టు వాళ్లకు. నాతో పనిచేసిన టీచర్లకు కళ్లద్దాల డబ్బాలు, నీకు మోకాలి పట్టీ. అంతా నా తీరులోనే రాసింది, నేను నేర్పిన తెలుగే, ఒక్క మాట ఎక్కువ తక్కువ లేదు.

"పెద్దమ్మమ్మకు మోకాలు నొస్తాందని గద పంపిన" అంది.

"ఆపరేషన్ చేసి లోపల ఇనుము పెట్టిన్రు. దాని మీద కరెంటు వేడి పెట్టచ్చో లేదో అడిగినవా?"

"ఇనుము సంగతి నాకు తెలువదు."

ఆ మాట అన్నాక దాని ముఖం చూడలేకపోయాను. అది లేచి తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది. మరునాడంతా నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, నాకూ పంతం ఉంది. మధ్యలో నవీన్ ఇద్దరి దగ్గరికీ చాయ్ కప్పులు మోసి అలసిపోయాడు.

మూడో రోజు అదే వచ్చి "కనకమ్మ కాడికి పోదాం రా" అంది. పాపను ఎత్తుకుని వెనకాల నిలబడ్డాను. శ్రావ్య డబ్బులు ముందు పెట్టి, మిషన్ తిరిగి ఇవ్వమంది. కనకమ్మ ఒప్పుకోలేదు.

"తాంబూలంలది వాపస్ ఇచ్చుడేంది బిడ్డా? తప్పు."

"తాంబూలంలది ఆకు, వక్క, పండు, రవికె గుడ్డ పెద్దమ్మా. ఇది నా యాపారం. మీరు కొంటె నాకు కమిషన్ వచ్చింది. అది చెప్పకుంట అండ్ల పెట్టిన."

కనకమ్మ పెనం మీది రొట్టె తిప్పింది, ఇంకోటి వేసింది. అంతసేపూ శ్రావ్య నిలబడే ఉంది.

"గా ముచ్చట ముందుగాల చెప్తె అయిపోవు గద" అంది చివరికి. "నా రొట్టెల నేను లాభం చూస్కుంటలేనా?"

డబ్బులు తీసుకుంది. మా రొట్టెలకు మాత్రం మామూలు ధరే తీసుకుంది, ఒక్కటి కూడా ఎక్కువ వేయలేదు.

మిగతా ఆరు ఇళ్లకూ తిరిగింది. నలుగురు మిషన్ బాగానే ఉంది, ఉంచుకుంటామన్నారు. ఇద్దరివి తెచ్చేసింది. కనకమ్మదీ అవీ కలిసి ఇప్పుడు మా ఇంట్లో మూడు రొట్టెల మిషన్లు ఉన్నాయి. గోధుమపిండికి బాగానే పనిచేస్తాయి, అది కూడా రాయాలి కదా. వీడియోలు మానమని నేను అనలేదు. నా ముఖం కావాలంటే రెండు షరతులు పెట్టాను: నీకు కమిషన్ వస్తుందని మొదటి మాటే చెప్పు, నేను వాడనిది వాడానని చెప్పకు. దాని ఫలితం ఏమిటంటే, "నిజం చెప్పాల్నంటె వాడి సూడాలె గద అమ్మమ్మా" అని రోజుకో వస్తువు తెచ్చి నా ముందు పడేస్తోంది. వెల్లుల్లి వొలిచేది, కొబ్బరి తురిమేది, వీపు గోకేది. చంటిపిల్లను చూడడానికి వచ్చినదాన్ని, పరీక్షల విభాగంలో పడ్డాను. కొబ్బరి తురిమేది పనికిరాదని చెప్తే, అదీ వీడియోలో ఉంచింది.

ఈ వారం దాని ఆదాయం తగ్గింది. కాగితం మీద రాసి నాకు చూపించింది, నా వల్లే అన్నట్టు. నా వల్లే. మళ్లీ పెరుగుతుందో లేదో నాకు తెలియదు. పెరగాలని మాత్రం ఉంది, ఆ పిల్ల కష్టం ఊరికే పోకూడదు.

నా ఫోనులో ఉన్నవాళ్లందరికీ తనే ఫోను చేసి చెప్తోంది. నీకు మాత్రం ఫోనులో చెప్పనంది. బుధవారం బస్సెక్కి నర్సంపేట వస్తుంది. పట్టీ తీసుకుని, నిన్ను వెంటబెట్టుకుని నీ డాక్టరుకు చూపిస్తుంది. వచ్చేటప్పుడు మా దొడ్లో కరివేపాకు నాలుగు రెమ్మలు, మీ జొన్నలు రెండు కిలోలు దాని చేతికి ఇవ్వు. మా ఇంటి తాళం ఒకసారి లాగి చూడమని బావకు చెప్పు.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, దాని చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు. దారిలో చదువుకుంటుంది, చదువుకోనీ; ఈ కింది మాటలు నీకంటే ముందు దాని కంట పడాలనే రాస్తున్నాను. నీ దగ్గరికి వచ్చాక ఈ కాగితం ముందు పెట్టి తప్పించుకోవాలని చూస్తుంది. నువ్వు కళ్లద్దాలు కనబడటం లేదని చెప్పు. తన నోటితో చెప్పేదాకా విను, మధ్యలో "పోనీ తియ్యి బిడ్డా" అని అడ్డం రాకు, నీకు ఆ అలవాటు ఉంది. మొత్తం చెప్పాక దాని తల మీద చెయ్యి పెట్టి దీవించు, అన్నం పెట్టు. ఆ తర్వాత ఉత్తరం చదువుకో.

బావకు నా నమస్కారాలు. ఇంట్లో పిల్లలకు నా ఆశీస్సులు. నాకు నీ దీవెన.

నీ చెల్లెలు,
సులోచన