సదాశివం మాస్టారి రాయి

ఫిల్మ్‌నగర్, హైదరాబాద్
ఆదివారం మధ్యాహ్నం

పూజ్యుడైన అన్నయ్యకు,

నీ చెల్లెలు సుభద్ర నమస్కారాలు. నీ మోకాళ్ళు, వదిన చక్కెర జబ్బు, పెరట్లో గేదె, అన్నీ అదుపులో ఉన్నాయని తలుస్తాను. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన ఇంటి అలవాటే కానీ, ఈసారి ఆ మాట రాస్తే నా వైపు సగం అబద్ధమవుతుంది. ఒంటికి ఏ లోటూ లేదు. తింటున్నాను, మాత్రలు వేసుకుంటున్నాను, నువ్వు కంగారుపడకు. ఫోన్లో చెబుదామంటే నీకు వినబడదు. నీకు వినబడేట్టు అరిస్తే ఈ ఫ్లాట్లన్నిటికీ వినబడుతుంది. అందుకని ఉత్తరం. వదిన చేత చదివించుకోకుండా కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువు.

ఇక్కడ ముసురు పట్టింది. నరసాపురంలో వాన పడితే గోదావరి గుర్తొస్తుంది, ఇక్కడ పడితే షేక్‌పేట ఫ్లైఓవర్ మీద ఇరుక్కున్న అల్లుడు గుర్తొస్తాడు. డబ్బింగ్ స్టూడియోలో ఒకరి గొంతు మరొకరి పెదవులకు అతికించే ఉద్యోగం అతనిది, భోజనం వేళకు ఇంటికొచ్చిన రోజు లేదు. మనవరాలు కాలేజీ నుంచి వచ్చీ రాగానే చెవుల్లో ఏవో పెట్టుకుంటుంది. ఎదురు ఫ్లాట్లో ఉండే ఆయన సీరియల్లో తాతగారి వేషం వేస్తాడు. మొన్న అందులో చచ్చిపోయాడు. నేను చూసి కళ్ళు తుడుచుకున్నాను కూడా. మర్నాడు పొద్దున్నే పాల ప్యాకెట్ పట్టుకుని లిఫ్టులో ఎదురై, "బాగున్నారా అమ్మా" అన్నాడు. ఆ వెసులుబాటు మీ బావకి లేకపోయింది.

అసలు సంగతికి వస్తాను. మన హైస్కూలు సైన్సు గదిలో నువ్వు మీ బావ పేరుతో పెట్టించిన రేకు బోర్డు తీయించెయ్యాలి. ఎందుకో మొదటి నుంచి చెబుతాను, మధ్యలో కోపం తెచ్చుకోకుండా చదువు.

మేమిద్దరం మా అమ్మాయి వసుధ దగ్గరికి వచ్చిన కొత్తలో మీ బావకి ఇక్కడ నచ్చిన మనిషి ఒక్కరూ లేరు గానీ, ఒక రాయి నచ్చింది. మన డెల్టాలో పుట్టినవాళ్ళకి రాయి అంటే సన్నికల్లే కదా. ఇక్కడ ఇళ్ళ మధ్య ఏనుగులు కూర్చున్నట్టు బండలుంటాయి. మా ఫ్లాట్ల వెనక ఒకటుండేది. రోజూ పొద్దున్నే దాని నీడన కూర్చుని పేపర్ చదువుకునేవారు. ఇంట్లో నీడ లేదా అంటే, "ఇది కోట్ల ఏళ్ళ నీడే" అనేవారు. తర్వాత అక్కడ అపార్ట్‌మెంట్ కట్టడానికి బండని పగలగొట్టారు. ఆయన పనివాళ్ళ దగ్గర నిలబడి, బతిమాలి, లోపలి నుంచి ఒక ముక్క కొట్టించుకుని, కొత్త కవరులో చుట్టి తెచ్చారు. దాన్ని రెండు చేసి, సగం కూతురి చేతిలో పెట్టారు. రాయి లోపల కూడా ఏదో ఒకటి బతుకుతూ ఉంటుంది, చూసి చెప్పమన్నారు. రెండో సగం అలమరలో పెట్టుకున్నారు. వసుధ చూసి చెప్పేలోగా ఆయనే వెళ్ళిపోయారు.

వసుధ యూనివర్సిటీలో నడిపే ల్యాబు సంగతి నీకు తెలియాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు సీసాలూ బర్నర్లూ ఉంటాయనుకున్నాను. చూస్తే గది నిండా పిల్లలు స్వెటర్లు వేసుకుని కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. సూక్ష్మజీవులు కాదు కదా, చీమ కూడా కనబడలేదు. పక్కన చిన్న గదిలో మాత్రం మందులూ గొట్టాలూ ఉంటాయి. మట్టినో, నీటినో, రాతిపొడినో ఆ మందులతో కడిగి, అందులో ఉన్న జీవుల డీఎన్‌ఏని బయటికి లాగుతారు. దాన్ని యంత్రం ముక్కలుముక్కలుగా చదువుతుంది. ఊరందరి ఉత్తరాలూ చింపి ఒకే బుట్టలో పోస్తే, ఏ ముక్క ఎవరి ఉత్తరానిదో తేల్చి మళ్ళీ అతికించడం ఎలాంటిదో, కంప్యూటర్ల ముందు ఆ పిల్లలు చేసేది అలాంటిది. వసుధ పని వాళ్ళందరికీ హాస్టలు వార్డెనుగా, వకీలుగా, అప్పుడప్పుడు తల్లిగా ఉండటం. ఏసీ ఆగితే యంత్రాలకు జ్వరం, ప్రాజెక్టు ఆగితే పిల్లలకు జ్వరం. శనివారాలు నేను పులిహోర తీసుకెళ్తాను. అందరికీ అమ్మమ్మనే.

తండ్రి పోయాక వసుధ ఆయనిచ్చిన సగం రాయిని నూరించింది. లోకంలో ఎవరూ చూడని ఒక జీవి అందులో ఉందని తేలింది. కనిపెట్టినవాళ్ళు పేరు పెట్టడం వాళ్ళ ఆచారం. తండ్రి పేరుకి లాటిన్ తోక తగిలించి 'సదాశివీ' అని పెట్టింది. ఆడపిల్ల పేరులా ఉందే అని నేను వంక పెట్టాను, తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నీకు చెప్పగానే నువ్వు బోర్డు చేయించి, బూందీ పంచి, ఫోటో పంపావు. పైన ఆయన పేరు, కింద 'మన మాస్టారి పేరు మీద ఒక జీవి' అన్న ఆ అక్షరాలు ఎన్నిసార్లు పెద్దవి చేసి చూసుకున్నానో మనవరాలికి తెలుసు.

కిందటి నెలలో ఒక ఆదివారం శ్రావణి ఇంటికొచ్చింది. వసుధ దగ్గర పరిశోధన చేసే పిల్ల. యూసుఫ్‌గూడలో ఉంటారు, తండ్రి షూటింగుల్లో లైట్లు మోస్తాడు. ఎప్పుడూ, "అమ్మమ్మా, జర కారం తక్కువైంది" అంటూ నా వంటకి వంకలు పెట్టేది, ఆ రోజు ఉప్మా ప్లేటు ముట్టుకోలేదు. వాళ్ళింటి కుళాయి నీళ్ళ మీద దాని పరిశోధన. వసుధ కుర్చీలో సర్దుకోకముందే చెప్పేసింది.

"మేడమ్, తాత పేరుది నా నీళ్ళల్ల గూడ వచ్చింది."

"దగ్గరి చుట్టమేమో. సరిగ్గా చూశావా?"

"చుట్టం గాదు మేడమ్. అచ్చం గదే. మూడు దినాల సంది చూస్తున్న. చెప్పనీకి నోరొస్తలేదు."

బండరాయి లోపల బతికే జీవి యూసుఫ్‌గూడ కుళాయిలోకి ఎలా వస్తుంది? "రాయికీ నీ నీళ్ళకీ వాడిన ఆ మందు పెట్టెకి బ్లాంక్ చేశామా?" అని అడిగింది వసుధ.

"లే మేడమ్. ముందటి పెట్టెకు చేసిందే దీనికీ పెట్టుకున్నం."

బ్లాంక్ అంటే ఖాళీ గొట్టం, అన్నయ్యా. రాతిపొడీ నీళ్ళూ ఏవీ వెయ్యకుండా, ఉత్త గొట్టానికి మిగతా తంతు అంతా జరిపిస్తారు. అందులో ఏదైనా కనబడిందంటే అది రాతిలోది కాదు, మందులోదో చేతులదో అని అర్థం. రాయిలో దొరికే డీఎన్‌ఏ చిటికెడు కూడా ఉండదు కాబట్టి మందులో ఉన్న పిసరంత మురికే పెద్దదిగా కనబడుతుందట. మందు పెట్టె మారినప్పుడల్లా ఖాళీ గొట్టం మళ్ళీ చెయ్యాలి. ఆ ఒక్కసారి చెయ్యలేదు. నీకు చెప్పేదేముంది, మీ బావ ప్రయోగశాలలో నువ్వూ కూర్చున్నవాడివేగా. టైట్రేషన్ ముందు, "ఉత్త నీళ్ళకి కూడా చెయ్యండ్రా, ఉత్త నీళ్ళకి" అని ఆయన గొంతు పోయేట్టు అరిచేది ఈ సంగతే. ఆ అరుపు ఊళ్ళో పిల్లలందరికీ ఎక్కింది. కన్నకూతురు దగ్గర, ఆయన రాయి దగ్గర, తప్పింది.

వాళ్ళ శాఖలో పెద్దాయన ఒకరు ఊరుకోమన్నారట. ఆ బండే ఇప్పుడు లేదు, పరీక్షించడానికి ఎవరు వస్తారు అన్నారట. వచ్చే ప్రాజెక్టు కూడా ఈ పేరు చూపించే అడిగారు, పేరు పోతే అదీ అనుమానమే. శ్రావణి లాంటి పిల్లల స్కాలర్‌షిప్పులు దాని మీదే ఉన్నాయి. వసుధ రెండు రోజులు అన్నం కెలికి లేచింది. మూడో రోజు అలమర దగ్గర నిలబడి, ఆయన ఫోటో పక్కనున్న రెండో సగం రాయిని కొంగుతో తుడుస్తోంది. మా ఇంట్లో దుమ్ము తుడిచే మనిషి కాదది. నాకు అర్థమైంది.

"తీసుకెళ్ళు," అన్నాను.

"మొత్తం కావాలమ్మా. పైపొర తీసేసి లోపలిదే వాడాలి."

"పొడి వెనక్కి ఇస్తావా?"

"ఇవ్వలేను. మందులో కలిసిపోతుంది."

ఆ రాయి చల్లగా ఉండేది, అన్నయ్యా. ఎండాకాలం మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు చేత్తో పట్టుకుని కూర్చునేదాన్ని. పసుపూ కుంకుమా పెట్టి దేవుణ్ణి చెయ్యలేదు, అలా చేస్తే ఆయన నవ్వేవారు. ఇవ్వనంటే అది ఇంకో మాట అడిగేది కాదు. పేరూ ఉండేది, రాయీ ఉండేది. కానీ తర్వాత ఆ ఫోటో ముందు దీపం పెట్టేటప్పుడు ఆయన ముఖంలోకి ఎలా చూడను? నేనే సంచీలో పెట్టి ఇచ్చాను.

నూరేటప్పుడు నేనూ వెళ్ళాను. ముక్కుకి గుడ్డ కట్టించి, గాజుతలుపు అవతల కూర్చోబెట్టారు. ఇనుప రోట్లో రాయి పగిలే చప్పుడు తలుపు దాటి వచ్చింది. ఈసారి పక్కనే ఖాళీ గొట్టాలు కూడా పెట్టారు, పాత పెట్టె మందుతో ఒకటి, కొత్త పెట్టె మందుతో ఒకటి. ఫలితం వచ్చేదాకా మన అంతర్వేది నరసింహస్వామికి రోజూ మొక్కుకున్నాను. ఏమని? స్వామీ, ఖాళీ గొట్టంలో ఏమీ లేకుండా చూడు అని. ఇలాంటి మొక్కు ఆ స్వామి కూడా విని ఉండడు. అర్థం చేసుకోవడానికి సమయం పట్టినట్టుంది.

పాత పెట్టె ఖాళీ గొట్టంలో అది నిండుగా ఉంది. కొత్త పెట్టె మందుతో చేస్తే రాయిలో దాని జాడే లేదు. రాయిలో ఇంకేమున్నదో చదవడానికి చాలినంత దొరకలేదు. దొరికేదాకా నూరడానికి ఇక రాయి లేదు. ఆ మందు తయారైన చోట ఏ నీటిగొట్టంలోనో పుట్టిన జీవిని మనం నెత్తిన పెట్టుకున్నాం. జీవి కొత్తదే కదా, చిరునామా మార్చి పేరు ఉంచుకోవచ్చని ఎవరో సలహా ఇచ్చారట. జీవితమంతా సీసాలు శుభ్రంగా కడగమని చెప్పిన మనిషి పేరు సీసాలో మురికికి పెట్టుకుంటారా అన్నాను. వసుధ అప్పటికే పేరూ వ్యాసమూ వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి పంపేసింది. తప్పు తనదేనని రాసింది, శ్రావణి పేరు దాని దరిదాపుల్లోకి రానివ్వలేదు.

పంపి ఇంటికొచ్చి వంటింట్లో నా పక్కన నేల మీద కూర్చుంది. తల నెరిసిన పిల్ల, పదో తరగతి దానిలా మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని అడిగింది.

"నాన్నయితే ఎన్ని మార్కులేసేవారమ్మా?"

"సున్నా," అన్నాను. "సున్నా వేసి, నువ్వు మళ్ళీ చేసేదాకా ఇంటికి వెళ్ళకుండా అక్కడే కూర్చునేవారు."

అప్పుడు ఏడ్చింది. ఆయన పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. మళ్ళీ చెయ్యడానికి రాయి లేదుగా అంది.

మర్నాడు శ్రావణిని వెంటబెట్టుకుని ఫ్లాట్ల వెనక్కి వెళ్ళాను, ఆ బండ తాలూకు పెంకైనా దొరుకుతుందేమోనని. వాచ్‌మన్ని అడిగితే వింతగా చూశాడు. "గాడేమున్నదమ్మా, మొత్తం కంకర గొట్టిన్రు. గీ స్లాబులల్లనే కలిసిపోయింది," అన్నాడు. తలెత్తి చూశాను. బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి. శ్రావణి నా చెయ్యి వదలకుండా, చెప్పకున్నా బాగుండు అమ్మమ్మా అని గొణుగుతోంది. చెప్పకపోతే నీకూ సున్నాయే అన్నాను. పిల్ల నవ్వలేదు.

ప్రాజెక్టు సంగతి ఇంకా తేలలేదు. ల్యాబులో గోడ మీద ఇప్పుడు ఒక కాగితం అంటించారు, ఖాళీ గొట్టం చెయ్యనిదే ఏ నమూనా ముట్టుకోకూడదని. కింద ఎవరూ సంతకం పెట్టలేదు. ఎవరి మాటో నాకు తెలుసు.

ఇక నిన్ను అడిగేవి. వదిన పెట్టిన మాగాయ ఎవరైనా ఇటు వస్తే ఓ సీసా పంపు, ఇక్కడివి ఆవకాయలా కనబడే ఉప్పు ముద్దలు. హెడ్మాస్టరుతో నువ్వే మాట్లాడి బోర్డు తీయించు. మొహమాటపడితే నా పేరు చెప్పు. అది ఉన్నచోట గోడ మీద తెల్లగా మచ్చ మిగులుతుంది, పిల్లలు అడుగుతారు. ఏమీ లేదని చెప్పనివ్వకు, జరిగింది జరిగినట్టు చెప్పించు. ఆయన పాఠం అదే. వసుధకి ఓ కార్డు ముక్క రాయి. మావయ్య ఏమంటాడోనని దానికి దిగులు. తప్పు చేశావని రాయకు, దానికి తెలుసు. బాధపడకని కూడా రాయకు. బోర్డు తీసేశానని మాత్రం రాయి, చాలు.

పెద్దవాళ్ళల్లో ఇక మిగిలింది నువ్వూ వదినా. మీ ఇద్దరి పాదాలకూ ఇక్కణ్ణుంచే దణ్ణం పెడుతున్నాను. నన్ను కాకపోయినా, నా కూతుర్నీ దాని పిల్లలమందనీ మనసారా దీవించండి. ఎదురింటి సుబ్బలక్ష్మత్తని అడిగానని చెప్పు. ఆవిడకి మాత్రం ఈ ఉత్తరం చూపించకు.

నీ చెల్లెలు,
సుభద్ర

మరిచాను. ఆ బోర్డుని పాత ఇనపసామాన్ల వాడికి వెయ్యకు. గుడ్డలో చుట్టి నీ మంచం కింద ఉంచు, దీపావళికి వచ్చినప్పుడు తెచ్చుకుంటాను. అలమరలో రాయి ఉన్న చోటు ఖాళీగానే ఉంది. బోర్డు మీద ఆయన పేరు రాసింది తప్పు కాదు కదా అన్నయ్యా, పేరు కింద రాసిందే తప్పు.