గజ్జెలు వినబడని పాట

ఆదివారం, సిరిసిల్ల

ఇవాళ షెడ్డులో సాంచాలకు, అంటే మరమగ్గాలకు, సెలవు. పాటల రికార్డింగ్ స్టూడియో నడిపే రమేశ్ ఇచ్చిన రెండు జతల ఖరీదైన ఇయర్‌ఫోన్లను ఒకే పాట పెట్టి పోల్చి చూశాను. రెండూ హైబ్రిడ్‌వే, లోపల డప్పు లాంటి బరువైన శబ్దానికి ఒక డ్రైవర్, అంటే బుల్లి స్పీకర్, సన్నని శబ్దాలకు వేరే డ్రైవర్లు. ఏది కొనాలో చెప్పమన్నాడు. నా చెవి మీద వాడికి నమ్మకం. మొదటిదానిలో డప్పు గుండెకు తగిలింది, రెండోదానిలో కాస్త తగ్గింది. మిగతాదంతా ఒకటే అని రాసుకున్నాను.

చెల్లె లత తనూ వింటానంది. అదే పాట పెట్టాను.

"గీ రెండో దాంట్ల గజ్జెలు మంచిగ ఇనవడ్తున్నయన్నా. గా మొదటి దాంట్ల జర తక్కువున్నయ్."

"గజ్జెలు యాడున్నయే?"

"పాట మొత్తం ఉన్నయ్ గద."

సౌండ్ పెంచి రెండూ మళ్ళీ విన్నాను. డప్పు ఉంది, గొంతు ఉంది. గజ్జెలు ఎందులోనూ లేవు.

పదకొండేళ్లుగా నేత షెడ్డులో సాంచాల మోత మధ్యే పని. చెవుల్లో దూది పెట్టుకొమ్మని మా బాపు చెప్పేవాడు. పెట్టుకుంటే ఏ సాంచా చప్పుడు మారిందో తెలియదని నేనే వినలేదు.

రెండోదే కొనమని రమేశ్‌కు మెసేజ్ పెట్టాను. అందులో గజ్జెలు చక్కగా వినబడుతున్నాయని కూడా రాశాను.