వల రోజు పులుసు

పెదనాన్నా,

పోయిన పెద్దలను తిట్టకూడదు. కాబట్టి ఇకపై రాయబోయే ప్రతి మాటకూ, నా బయోకెమిస్ట్రీ పట్టా సాక్షిగా, ముందే సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. ఇక తిడతాను.

ఒడ్డు నుంచి ఊరంతా కలిసి అలివి వల లాగే రోజున ఎవరింట్లోనూ చింతపండు తగలకూడదన్నావు. "పులుపు కండల్లోకి దిగితే రేపు చేతులు లేవవు అబ్బయా" అంటూ, నెల్లూరు జిల్లాలో పుట్టిన నాకు చేపల పులుసే లేకుండా చేశావు. కండల్లో పులుపంటే లాక్టిక్ ఆమ్లమనీ, అది తిండి నుంచి రాక కండలోనే పుడుతుందనీ, కాసేపటికే పోతుందనీ, నీ గుండె కూడా దాన్ని ఇష్టంగా వాడుకుంటుందనీ చెప్పాను. నీ ప్రతి కణంలో సిట్రిక్ ఆమ్లం తయారవుతూనే ఉందన్నాను.

"అయితే నన్నే పులుసు పెట్టుకో పో" అన్నావు.

వాదన సగంలో ఉండగానే ఆ గుండె ఆపుకుని వెళ్లిపోయావు. ఓడిపోయేవాళ్లు చేసే పనే అది.

నువ్వు పోయాక ఈరోజే మొదటిసారి వల వేశాం. వల పెద్దగా నీ చోటులో నన్ను నిలబెట్టారు. కోట బజారు నుంచి చింతపండు ముందే తెచ్చిపెట్టుకున్నాను. పెద్దమ్మ చేపలు కడిగి, "ఆయన లేడు గదా, నువ్వే చెప్పబ్బయా, పులుసు పెట్టేదా?" అంది. వల లాగినవాళ్లంతా నా వైపే చూశారు. ఆమ్లాల గురించి వివరంగా ఉపన్యసించాను.

"అదంతా సరేలే, పెట్టేదా వద్దా?" అంది పెద్దమ్మ.

ఇంత తిట్టాను గానీ, నేను చేసింది ఒక్కటే. "వద్దు పెద్దమ్మా, వేపుడు చెయ్యి" అన్నాను.